సొమెలియే

హోటళ్లలో వైన్ ఎంపిక, నిల్వ, వడ్డన చూసే నిపుణులకు ఫ్రెంచి పేరు. తెలుగునాట ‘వైన్స్’ బోర్డు ఉన్న కొట్లో అడిగేది ఎక్కువగా బ్రాందీ, బీరే కనుక ఈ కొలువు మనకు కొత్తగా తోస్తుంది.

చదువుకు దారులు రెండు. లండన్‌లో 1969లో మొదలైన వైన్ అండ్ స్పిరిట్ ఎడ్యుకేషన్ ట్రస్ట్ (డబ్ల్యూఎస్ఈటీ) కోర్సులు నాలుగు మెట్లు, చివరిది డిప్లొమా. వడ్డన వైపు వెళ్లేవారికి కోర్ట్ ఆఫ్ మాస్టర్ సొమెలియేస్ పరీక్షలూ నాలుగే. ఆఖరి పరీక్షలో పేరు చెప్పకుండా ఆరు గ్లాసులు ముందు పెడతారు. రంగు చూసి, వాసన పట్టి, గుక్క తాగి ఉమ్మేసి, ద్రాక్ష రకం, దేశం, ప్రాంతం, కాపు ఏడాది నోటితో చెప్పాలి. గడువు 25 నిమిషాలు. కష్టమంతా ఇక్కడే.

నాలుక విద్య గోదావరి వాళ్లకు తెలియనిది కాదు. పట్టిసీమ ఎగువన ఏజెన్సీలో జీలుగు కల్లు, దిగువన తాటి కల్లు. తెల్లవారి దించినది తీపి, పొద్దెక్కితే పులుపు. గీత కార్మికుడికి ఆ తేడా వాసనకే తెలుస్తుంది, పట్టా లేకపోయినా.

‘మాస్టర్ ఆఫ్ వైన్’ అనే మరో పెద్ద పట్టాను భారతదేశంలో తొలిసారి 2016లో సోనాల్ హాలండ్ అందుకున్నారు.