ఛార్జింగు బల్ల

ఏటా సంక్రాంతికి వారం ముందు కాకినాడ జగన్నాథపురం వైపు ఒక పాత బంగళా నుంచి డ్రైవరు సైకిలేసుకుని వచ్చేవాడు. "అన్నా, సెల్ఫ్ తీసుకోవట్లేదు" అనేవాడు. ఏ బండి అని నాన్న అడిగేవాడు కాదు. మద్రాసు నుంచి కొడుకులు పండక్కి వచ్చినప్పుడు తప్ప షెడ్డు దాటని ఎం.జి. టి.సి. స్పోర్ట్స్ కారు అది. రెండే సీట్లు, సైకిలుకున్నట్టు స్పోకులున్న పెద్ద చక్రాలు, ముందుకి పడుకోబెట్టే అద్దం. ఇంగ్లండులోని అబింగ్డన్‌లో 1945 నుంచి 1949 దాకా అలాంటివి పదివేలు చేశారు. కాకినాడలో నేను చూసింది ఆ ఒక్కటే.

నాన్న బ్యాటరీ ఛార్జింగు షాపు సినిమా రోడ్డులోంచి చీలిన సందులో ఉండేది. రోజూ రాజమండ్రి వెళ్లొచ్చే లారీ బ్యాటరీ మూడేళ్లు మన్నేది. నీడపట్టున, గుడ్డ కప్పుకుని ఉన్న ఆ కారు బ్యాటరీ రెండేళ్లకే చేతులెత్తేసేది. చిన్నప్పుడు నాకిది అర్థమయ్యేది కాదు. నాన్న ఓపిగ్గా చెప్పాడు. లోపలున్నవి సీసం పలకలు. సీసం మెత్తన కాబట్టి గట్టిదనానికి అందులో యాంటిమొని కలిపేవారు. ఆ యాంటిమొని వల్లనే, ఎవరూ ముట్టుకోకపోయినా ఛార్జి దానంతటది దిగిపోతూ ఉంటుంది. ఎండాకాలం మరీను. దిగిన బ్యాటరీని నెలల తరబడి అలాగే వదిలేస్తే పలకల మీద లెడ్ సల్ఫేటు గట్టిపడి, మళ్లీ కరెంటు పట్టనివ్వదు. "ఉప్పు పట్టింది" అనేవాడు నాన్న.

ఈ సీసం బ్యాటరీ కారు కంటే పాతది. 1859లో ఫ్రాన్సులో గాస్తోన్ ప్లాంటే రెండు సీసం రేకుల్ని మధ్యలో అడ్డుపెట్టి చుట్టచుట్టి గంధకామ్లంలో ముంచాడు. దాన్ని ఛార్జి చేయడానికి డైనమోలు కూడా సరిగా లేని కాలం, మామూలు సెల్సు నుంచే నింపాల్సి వచ్చింది. 1881లో కమీల్ ఫోర్ పలకలకి సీసం ముద్ద మెత్తాక అది బజారుకి పనికొచ్చే వస్తువైంది. ఇక 1912లో అమెరికాలో కెటరింగ్ చేసిన సెల్ఫ్ స్టార్టరు కాడిలాక్ కారులోకి వచ్చింది. అంతకుముందు కారు లేవాలంటే ముందు నిలబడి హ్యాండిలు తిప్పాలి. ఇంజను వెనక్కి కొడితే మణికట్టు విరగడమే. ఆ బాధ తప్పింది గానీ, కారున్న ప్రతి ఊళ్లోనూ ఒక ఛార్జింగు షాపు కావలసి వచ్చింది.

మా షాపుకి వచ్చేవి కార్ల బ్యాటరీలే కావు. కరెంటు లేని పల్లెల నుంచి రేడియో బ్యాటరీలు సైకిలు క్యారియరు మీద తాళ్లతో కట్టుకుని తెచ్చేవారు. పెళ్లిళ్ల మైకుసెట్ల వాళ్లు, ఎన్నికల జీపుల వాళ్లు ఉండనే ఉన్నారు. 1987లో టీవీలో రామాయణం మొదలయ్యాక ఆదివారం పొద్దున్నకి అందాలని ట్రాక్టరు బ్యాటరీలు శనివారం సాయంత్రానికే గుమ్మం ముందు బారులు తీరేవి.

అన్నిటికీ ఒకటే బల్ల. దాని మీద బ్యాటరీలన్నీ వరసగా, ఒకదాని ప్లస్సు పక్కదాని మైనస్సుకి కలిపి ఉండేవి. బల్ల చివర, ఎవరి దగ్గరో పాతది కొన్న టంగర్ బల్బు. అమెరికావాళ్లు చేసిన ఆ బల్బులో టంగ్‌స్టన్ తీగ, ఆర్గాన్ గాలి ఉంటాయి. ఇంటి కరెంటుని బ్యాటరీకి పనికొచ్చే కరెంటుగా మార్చడం దాని పని. రాత్రిపూట షాపంతా ఊదారంగు వెలుగులో ఉండేది. బీడీ వెలిగించినవాడు ఎవరైనా సరే, నాన్న బయటికి నడిపించేవాడు. ఛార్జింగులో పైకి వచ్చేది హైడ్రోజను, ఒక్క నిప్పురవ్వ చాలు.

టి.సి. బ్యాటరీ మీద నాన్నకి ప్రత్యేకమైన శ్రద్ధ. ముందు వేడినీళ్లతో, వంటసోడాతో టెర్మినళ్ల చిలుము కడిగేవాడు. ఆరు మూతలూ విప్పి, హైడ్రోమీటరు గాజుగొట్టాన్ని కిటికీ వెలుతురులో కంటికి సమానంగా పట్టుకుని, లోపలి బుడ్డి ఎంత తేలిందో చూసేవాడు. ఆమ్లం చిక్కదనం 1100 దగ్గర ఉండేది. నిండితే మా ఎండలకి 1250 రావాలి. కెపాసిటీలో పదో వంతు కరెంటు, అంతకుమించి ఇవ్వడు. 50 ఆంపియర్-అవర్ బ్యాటరీకి అయిదు ఆంపియర్లు. ఉప్పు పట్టినదైతే ఇంకా తక్కువ, రెండు రోజులు. నేను తెల్లారుజామున లేచి చూస్తే నాన్న బల్ల దగ్గరే ముక్కాలిపీట మీద కూర్చుని, మూడో సెల్లు మిగతావాటిని అందుకుందా లేదా అని చూస్తుండేవాడు.

ఒక సంవత్సరం బంగళావాళ్లు తొందరపడి ఆ బ్యాటరీని ఇంకో షాపుకిచ్చారు. రెండు గంటల్లో నింపి పంపారు. ఎక్కువ కరెంటు తోసేసరికి పలకలు వంకరపోయాయి. పైగా అందరికీ అలవాటైన పద్ధతిలో మైనస్సుని బాడీకి బిగించారు. అప్పటి ఇంగ్లీషు బండ్లలో బాడీకి వెళ్లాల్సింది ప్లస్సు. ఎం.జి. వాళ్లు ఎం.జి.బి. మోడలుకి 1967 దాకా మైనస్ ఎర్తు పెట్టలేదు. నాన్న దాన్ని విప్పి, వైరు తిప్పి, ప్లస్సు క్లాంపుకి ఎర్రదారం చుట్టి "ఇది బాడీకి" అని డ్రైవరు చేత మూడుసార్లు చెప్పించాడు.

ఇప్పుడు కార్లలో మూతలు విప్పే బ్యాటరీలే తక్కువ. తిరుపతి దగ్గర కరకంబాడిలో 1985లో పుట్టిన అమరరాజా వాళ్లు 2000లో అమరాన్ బ్యాటరీ తెచ్చేనాటికే మా బల్ల మీద వరస సగమైంది. యాంటిమొని బదులు కాల్షియం కలిపిన సీలు బ్యాటరీలో ఛార్జి దానంతటది దిగడం బాగా తక్కువ. ఆ విషయంలో కొత్తదే మేలు.

కానీ ఆగి ఉన్న బండి కథ మారలేదు. హైదరాబాదులో మా మేనల్లుడు స్పోర్ట్స్ కారు కొన్నాడు, నెలకోసారైనా తీయడు. మొన్న ఫోను చేసి "మావయ్యా, రిమోటు నొక్కితే తలుపు కూడా తెరుచుకోవట్లేదు" అన్నాడు. అలారం, గడియారం, కంప్యూటరు కారు నిద్రపోతున్నా మేలుకునే ఉంటాయి. 50 మిల్లీ ఆంపియర్లు లాగినా రోజుకి 1.2 ఆంపియర్-అవర్లు, నెలకి 36. మామూలు కారు బ్యాటరీలో చాలా భాగం అయిపోయినట్టే. చిన్న ఛార్జరు ఒకటి గోడ ప్లగ్గుకి పెట్టి ఎప్పుడూ తగిలించి ఉంచమన్నాను. నింపాక తనే ఆగి కనిపెట్టుకుని ఉండే రకం కొనమన్నాను. మా నాన్న ముక్కాలిపీట మీద చేసిన పనే అది.

టి.సి.లో హ్యాండిలు కూడా ఉండేది. అయినా బ్యాటరీ పూర్తిగా దిగితే అదేం చేయలేదు, కాయిలుకీ పెట్రోలు పంపుకీ కూడా కరెంటే ఆధారం. అందుకే బ్యాటరీ బిగించాక నాన్న వెంటనే సెల్ఫ్ కొట్టనిచ్చేవాడు కాదు. ముందు తాళం తిప్పి, చెయ్యెత్తి అందరినీ ఊరుకోమనేవాడు. బానెట్ కింద పంపు టిక్ టిక్ టిక్ మని గబగబా కొట్టుకునేది, కార్బురేటరు గిన్నెలు నిండేకొద్దీ నెమ్మదించేది, ఇక ఆగేది. అప్పుడు నాన్న డ్రైవరు వైపు చూసి తలూపేవాడు.