కొమ్ము, వెదురు, మట్టి కుండ

చైనాలో హునాన్ రాష్ట్రంలోని మావాంగ్‌దుయ్ సమాధులు తవ్వుతుండగా 1973లో పట్టుగుడ్డ మీద రాసిన వైద్యగ్రంథాలు బయటపడ్డాయి. అవి దొరికిన సమాధిని మూసింది క్రీ.పూ. 168లో. యాభై రెండు రోగాలకు చికిత్సలు చెప్పే గ్రంథంలో మొలల వైద్యం ఒకటుంది. చిన్న కొమ్మును మొల మీద బోర్లించాలి. అన్నం ఉడికేంతసేపు ఆగి తీయాలి. పైకి ఉబ్బినదాన్ని సన్నటి తాడుతో కట్టి కత్తితో కోయాలి. కప్పింగ్ (చర్మం మీద కప్పు బోర్లించి పైకి లాగే వైద్యం) ప్రస్తావన ఉన్న అతి పాత చైనా రాతల్లో ఇదొకటి. కొమ్ము ఇక్కడ కత్తికి తోడు, శస్త్రవైద్యుడి పనిముట్టు.

4వ శతాబ్దంలో గె హోంగ్ అనే వైద్యుడు, కొన్ని రకాల గడ్డలకు సూదీ కొమ్మూ తగలనివ్వొద్దని, తగిలితే ముప్పు తప్పడం అరుదని హెచ్చరించాడు. నేటి ప్రచారాల్లో ఈ హెచ్చరిక కనబడకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

టాంగ్ రాజవంశ కాలానికి వెదురు వచ్చింది. మూడు వేళ్ల లావు పచ్చి బొంగును ఒకవైపు కణుపు ఉంచి కోసి, రెండో అంచు పలచగా చెక్కి, నీళ్లలో మరిగించి వేడిగా ఒంటికి అదమమంటుంది 752లో వాంగ్ తావో కూర్చిన గ్రంథం. లోపలి ఆవిరి చల్లారితే ఒత్తిడి తగ్గి చర్మం పైకి లేస్తుంది. శస్త్రవైద్యుడు చెన్ షిగోంగ్ రాసిన 1617 నాటి గ్రంథంలోనూ, మూలికలతో కాచిన వెదురు గొట్టం పని చీము లాగడమే.

అసలు మలుపు 18వ శతాబ్దంలో కనిపిస్తుంది. జియాంగ్‌షీ, ఫుజియాన్ ప్రాంతాల్లో కుమ్మరులు కాల్చి అమ్మే బుల్లి మట్టి కుండల గురించి జావో శ్యూమిన్ అనే వైద్యుడు రాశాడు. కాగితం ముక్క వెలిగించి కుండలో వేసి, తలనొప్పి అయితే కణత మీద, కడుపునొప్పి అయితే బొడ్డు మీద బోర్లిస్తారు. దానంతట అది ఊడేదాకా ఆగుతారు. కత్తి లేదు, చీము లేదు. జలుబు చేసినవాళ్లూ వేయించుకోవచ్చు. నేటి కప్పింగ్‌కు దగ్గరి పూర్వీకురాలు మావాంగ్‌దుయ్ కొమ్ము కాదు, ఈ కుండేనని నేను నమ్ముతాను. రెండు వేల ఏళ్లుగా ఒకే వైద్యం నడిచిందనే మాట అందుకే నిలవదు.

20వ శతాబ్దంలో చైనాలో గాజు కప్పు వాడకంలోకి వచ్చింది. చర్మం ఎంత లేచిందో, ఎంత కందిందో అందులోంచి కనబడుతుంది. 2016 రియో ఒలింపిక్స్‌లో అమెరికా ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ భుజాల మీది గుండ్రటి మచ్చలతో లోకమంతా కప్పింగ్ గురించి మాట్లాడుకుంది. ఆ మచ్చలు చిన్న రక్తనాళాలు చిట్లి కమిలినవి. విషాలు బయటికొచ్చిన గుర్తులనడానికి ఆధారం లేదు. మెడ, నడుము నొప్పులకు కొంత ఉపశమనం కనబడిన అధ్యయనాలున్నాయి గానీ చాలావరకు చిన్నవి. పైగా కప్పు లాగుతున్నదీ లేనిదీ రోగికి ఇట్టే తెలిసిపోతుంది కనుక, ఉత్తుత్తి కప్పుతో పోల్చి చూసే పరీక్ష పెట్టడం కష్టం.