చెరువు, కప్ప, ఊరు

రాయ్‌పూర్ శివార్లలోని ఉర్లా పేరు వినగానే ఉక్కు, స్పాంజ్ ఐరన్ కర్మాగారాలే గుర్తుకొస్తాయి. నిజానికి ఈ ఛత్తీస్‌గఢ్ మైదానం చెరువుల నేల. ఇక్కడి పల్లెల్లో కొత్త చెరువు నడుమ కొయ్య స్తంభం నాటి, దానికి పెళ్లి చేసే ఆచారం ఉండేది. పెళ్లి కాని చెరువు నీరు వాడేవారు కాదు. ఊరంతా పెళ్లివారే కనుక చెరువు బాగోగులూ ఊరివే.

ఆ చెరువులో మనం లెక్కలోకి తీసుకోని నివాసి కప్ప. దాన్ని లెక్కపెట్టినవారు వ్యాపారులు! కప్పకాళ్ల ఎగుమతి కోసం వరిపొలాల బావురుకప్పలను విపరీతంగా పట్టారు. పైరు పురుగులను తినే ప్రాణిని అమ్మి, పురుగుమందు కొనుక్కోవడం ఏం బేరమో! 1987లో భారత ప్రభుత్వం ఆ ఎగుమతిని నిషేధించింది. సరే, కప్పకు ఇల్లు మిగలాలి కదా?

ఆ ఇల్లు చెరువే. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువుల పునరుద్ధరణ తలపెట్టింది. యంత్రాలు తవ్విన ఒండ్రుమట్టిని రైతులు తమ ఖర్చుతో పొలాలకు తోలుకున్నారు. సాగుకు అది మేలే. కప్పకు మాత్రం లోతు ఒక్కటే చాలదు. చాలా జాతులు గుడ్లు పెట్టేది ఒడ్డు పక్కన, గడ్డి మొలిచిన లోతులేని నీటిలో. తోకకప్పలు చేపల నోట పడకుండా దాగేదీ అక్కడే. ఒడ్డును నిలువుగా కోసి రాళ్లు పేర్చితే పిల్లకప్పలు నేలకెక్కడం కష్టం. అందుకే పూడిక తీసే రోజున ఊరివాళ్లు ఒక పక్కనైనా వాలు ఒడ్డు వదిలించాలి.

ఉర్లా వంటి చోట అంతకన్నా ముందు చేయవలసినది, కర్మాగారాల మురుగు చెరువులో కలవకుండా చూడటం. కప్ప పలుచని తడి చర్మం నీటితోపాటు విషాన్నీ పీల్చుకుంటుంది.