తరవాణి కుండ: కృష్ణా డెల్టాలో ఒక ఉదయపు పానీయం చరిత్ర



ఉదయం పరగడుపున ఏమి తాగితే ఆరోగ్యానికి మంచిది? ఈ ప్రశ్న నేడు ప్రతి ఇంటిలోనూ వినిపిస్తున్నది. నిమ్మరసంలో తేనె అని ఒకరు, మెంతుల నీరని మరొకరు, జీలకర్ర కషాయమని ఇంకొకరు చెబుతుంటారు. ఈ చిట్కాల సందడిలో మన డెల్టా వంటిళ్లలో తరతరాలుగా కుదురు మీద నిలిచి, మన కళ్లెదుటే కనుమరుగైన తరవాణి కుండను మనం మరచిపోయాము. ఆ కుండ చరిత్ర తెలిస్తే, ఏ ఉదయపు పానీయాన్నైనా ఎంతవరకు నమ్మాలో కూడా తెలుస్తుంది.

తరవాణి అంటే ఏమిటి?

బియ్యం కడిగిన నీటిని కడుగు అంటాము. అన్నం ఉడికిన తరువాత వార్చిన చిక్కని ద్రవం గంజి. ఈ రెండింటినీ కుండలో పోసి పులియనిస్తే తయారయ్యేదే తరవాణి. రాత్రి మిగిలిన అన్నాన్ని అందులో వేసి, ఉదయాన్నే ఉప్పు, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయతో తినేవారు. పైన తేరిన పుల్లని నీటిని తాగేవారు. పొలానికి వెళ్లే రైతుకూ, కూలికీ, బడికి వెళ్లే పిల్లలకూ అదే చద్ది.

ఇది మనకు మాత్రమే చెందినది కాదు. ఒడిశాలో పఖాళ, బెంగాల్‌లో పాంతా భాత్, తమిళనాట పళయ సోరు దీనికి దగ్గరి బంధువులు. ఆయుర్వేదంలో పులిసిన గంజిని కాంజికమనీ, బియ్యం కడిగిన నీటిని తండులోదకమనీ పిలిచారు. వరి పండే ప్రతి చోటా మనిషి ఇటువంటి పానీయాన్ని కనిపెట్టుకున్నాడు.

కాలువలు వచ్చాయి, తెల్లన్నం వచ్చింది

1832-33 నాటి నందన కరువులో ఒక్క గుంటూరు జిల్లాలోనే, సుమారు 5 లక్షల జనాభాలో దాదాపు 2 లక్షల మంది మరణించారని అంచనా. డొక్కల కరువుగా జనం గుర్తుంచుకున్నది దీనినే. ఆ తరువాత 1852-55 మధ్య బెజవాడ వద్ద, ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకూ నడుమ కృష్ణకు అడ్డంగా ఆనకట్ట కట్టారు. సర్ ఆర్థర్ కాటన్ ప్రోత్సహించగా కెప్టెన్ చార్లెస్ ఓర్ నిర్మాణాన్ని నడిపించాడు. 1952లో ఆ ఆనకట్టకు గండి పడింది. దాని స్థానంలో 1957 నాటికి ప్రకాశం బ్యారేజీ వచ్చింది. నేడు దాని కింద సుమారు 13 లక్షల ఎకరాలు సాగవుతున్నాయి.

కాలువ నీరు కరువును దూరం చేసింది. దానితో పాటు భోజనాన్నీ మార్చింది. జొన్న సంకటి, రాగి అంబలి వెనుకకు తగ్గి వరి అన్నం నిత్యభోజనమైంది. 20వ శతాబ్ది తొలి దశకాలలో మరపట్టిన బియ్యం రావడంతో అన్నం మల్లెపూవులా తెల్లబడింది. రోకలితో దంచిన బియ్యానికి తవుడు పొర కొంత అంటి ఉండేది. మర దానిని దాదాపు పూర్తిగా ఊడ్చివేసింది.

తెల్లన్నం వెంట వచ్చిన జబ్బు

ఉత్తర సర్కారు తీరానికి బెరిబెరి కొత్త వ్యాధి కాదు. కాళ్లు తిమ్మిరెక్కి చచ్చుబడడం ఒక రూపం. ఒళ్లు వాచి, గుండె అలసి, ఆయాసంతో మరణించడం మరొక రూపం. జాన్ గ్రాంట్ మాల్కమ్‌సన్ అనే సైనిక వైద్యుడు 1835లోనే మద్రాసులో ఈ వ్యాధిపై ఒక గ్రంథం ప్రచురించాడు. కారణం మాత్రం అప్పటికి ఎవరికీ తెలియదు.

తెలిసిన దారి జావా దీవి నుండి మొదలైంది. 1890లలో డచ్చి వైద్యుడు ఐక్‌మన్, పాలిష్ బియ్యం తిన్న కోళ్లు కాళ్లు పడిపోయి కూలబడడం, ముడిబియ్యం పెట్టగానే కోలుకోవడం గమనించాడు. తవుడులో ఉన్న పదార్థమే థయమిన్, అనగా విటమిన్ బి1 అని తరువాత తేలింది. ఐక్‌మన్‌కు 1929లో నోబెల్ బహుమతి లభించింది.

మన వైపు ఈ అన్వేషణ 1918లో కూనూరులో ఒకే గదిలో ఆరంభమైంది. రాబర్ట్ మెకారిసన్ స్థాపించిన ఆ కేంద్రం పేరే బెరిబెరి పరిశోధన విభాగం. అదే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. తార్నాకలోని ఆ సంస్థకు మూలం బెరిబెరి అన్న సంగతి చాలామందికి తెలియదు.

మెకారిసన్ తరువాత ఆ కేంద్రాన్ని నడిపిన ఎక్రాయిడ్, ఆయన సహచరులు 1940లో భారతదేశపు బియ్యం సమస్యపై ఒక నివేదిక వెలువరించారు. ఇతర వరి ప్రాంతాల కన్న సర్కారు జిల్లాలలోనే బెరిబెరి ఎందుకు? తమిళ, మలయాళ ప్రాంతాలలో వడ్లను నానబెట్టి, ఉడకబెట్టి, ఎండబెట్టి దంచే ఉప్పుడు బియ్యం వాడకం ఎక్కువ. వడ్లు ఉడికేటప్పుడు పొట్టు కింది విటమిను గింజ లోపలికి ఇంకుతుంది. అందుచేత మరపట్టినా, కడిగినా అది అంతగా పోదు. మనకు ఇష్టమైనది పచ్చిబియ్యం. అందులోని విటమిను పైపైనే ఉండి మరలో కొంత, కడుగులో కొంత, గంజిలో కొంత పోతుంది. పాలిష్ పట్టిన పచ్చిబియ్యాన్ని పలుమార్లు కడిగితేనే మిగిలిన థయమిన్‌లో సగం దాకా నష్టపోవచ్చు.

ఇక్కడ తరవాణి కుండను తలచుకోండి. అందులో పోసినవి ఏమిటి? కడుగు, గంజి. విటమిను కరిగి పోయిన దారులు రెండింటికీ ఆ కుండే గమ్యం. పైగా థయమిన్ క్షారంలో నశిస్తుంది, పులుపులో నిలుస్తుంది. విటమిను అన్న మాటే తెలియని మన పూర్వులు, పోయినదానిలో కొంత మరల ఒడిసిపట్టుకున్నారు. ఆ కుండ లేని ఇళ్లలో గంజి బట్టలకూ, కడుగు పశువుల కుడితి తొట్టికీ పోయేవి.

నెల్లూరులో పుట్టిన రసాయన శాస్త్రవేత్త

థయమిన్ కథలో మరొక తెలుగు గడ్డ ఉన్నది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ దంపతులకు 1886లో నెల్లూరులో జన్మించిన రాబర్ట్ రన్నెల్స్ విలియమ్స్, 1910 ప్రాంతంలో ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాలో ప్రభుత్వ రసాయన శాస్త్రవేత్తగా ఉండగా, తవుడు నుండి తీసిన సారంతో బెరిబెరి సోకిన పసిపిల్లలు కోలుకోవడం కళ్లారా చూశాడు. ఆ పదార్థం వెంట పాతికేళ్లు పడి, 1936లో థయమిన్‌ను కృత్రిమంగా తయారుచేశాడు. నేడు మందుల దుకాణంలో దొరికే చవకైన బి1 మాత్ర వెనుక ఉన్నది ఆయన శ్రమ.

తరవాణి చేయగలిగినది, చేయలేనిది

పూర్వులది కాబట్టి సర్వరోగ నివారిణి అనుకోవడం పొరపాటు. చద్ది తినే అలవాటున్న ఈ జిల్లాలలోనే బెరిబెరి కూడా ఉన్నది. ఒక గ్లాసు పానీయం, భోజనమంతటి లోటును పూడ్చలేదు. పప్పులు, ఆకుకూరలు, పాలు, గుడ్లు అందుబాటులోకి వచ్చి ఆహారంలో వైవిధ్యం పెరగడమే ఈ వ్యాధి తగ్గడానికి ప్రధాన కారణం.

చద్దన్నంలో ఇనుము ఇరవై రెట్లు పెరుగుతుందన్న మాట నేడు ఫోనులలో తిరుగుతున్నది. ఇనుము ఒక మూలకం. నానబెట్టినంత మాత్రాన అది కొత్తగా పుట్టదు. పులియడం వలన ఫైటేట్లు తగ్గి, ఉన్న ఇనుము శరీరానికి మరికొంత మెరుగుగా అందవచ్చు. అంతవరకే నిజం. శరీరంలోని మలినాలను కడిగివేస్తుందన్నదీ అటువంటి మాటే. ఆ పని మన కాలేయమూ, మూత్రపిండాలూ రేయింబవళ్లు చేస్తూనే ఉన్నాయి.

మరి మేలు ఏమిటి? వేసవిలో నీరు, కొద్దిగా ఉప్పు, తేలికగా అరిగే పిండిపదార్థం, పులియడంలో పెరిగే మేలు చేసే సూక్ష్మజీవులు. చక్కెర వేసిన కాఫీకి బదులు ఇది చాలా మంచి ప్రత్యామ్నాయం.

చేసుకునే విధానం

ఒక పోలిష్ పట్టిన లేదా దంపుడు బియ్యం తీసుకోండి. మురికి పోయేటంత వరకు ఒకసారి కడిగి ఆ నీటిని పారబోయండి. అన్నం వండి, చల్లారిన వెంటనే ఒక కప్పు అన్నాన్ని శుభ్రమైన మట్టికుండలో గాని, స్టీలు గిన్నెలో గాని వేసి, కాచి చల్లార్చిన నీరు మూడు కప్పులు పోయండి. గంజి వార్చే అలవాటు ఉంటే అదీ కలపండి. మూతపెట్టి రాత్రంతా ఉంచండి. ఉదయం చేతితో మెదిపి, పలుచని మజ్జిగ, దంచిన అల్లం, కరివేపాకు, చిటికెడు ఉప్పు చేర్చి తాగండి.

కొన్ని జాగ్రత్తలు తప్పవు. వండిన అన్నాన్ని గంటల తరబడి బయట వదిలి, తరువాత నానబెట్టకండి. అందులో పెరిగే కొన్ని సూక్ష్మజీవుల విషం తిరిగి వేడిచేసినా పోదు. పులుపు వాసన సహజం; కుళ్లు వాసన, జిగురు, బూజు కనిపిస్తే పారబోయండి. మధుమేహం ఉన్నవారు ఇదీ అన్నమేనని గుర్తుంచుకుని అల్పాహారంలో ఆ మేరకు తగ్గించుకోవాలి. రక్తపోటు, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు ఉప్పు మానాలి. పసిపిల్లలకు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవారికి ఇది వద్దు. ఏ పానీయాన్ని నమ్ముకునీ మందులు ఆపవద్దు.

మరొక హెచ్చరిక. బెరిబెరి పూర్తిగా పోలేదు. మద్యపానానికి అలవాటుపడినవారిలో, ఎడతెగని వాంతులతో బాధపడేవారిలో, దీర్ఘకాలం మూత్రం ఎక్కువగా పోయే మందులు వాడే వృద్ధులలో బి1 లోపం నేటికీ కనిపిస్తుంది. కాళ్ల మంటలు, తిమ్మిర్లు, వాపు, ఆయాసం ఉంటే వైద్యుని వద్దకు వెళ్లండి, వంటింటిలో వెతకకండి.

కాఫీ, ప్రెషర్ కుక్కరు, ఫ్రిజ్ కలిసి తరవాణి కుండను సాగనంపాయి. కుక్కరులో సరిపడా నీటితో అత్తెసరు వండితే గంజి వార్చే పనే లేదు కనుక, ఆ దారిన పోయే నష్టం ఎటూ తప్పింది. మిగిలినవి మర, కడుగు. కనుక మీ ఇంటిలో ఉదయం తరవాణి తాగినా తాగకపోయినా, రెండు పనులు మాత్రం చేయండి: తక్కువ పాలిష్ బియ్యం కొనండి, దానిని తక్కువసార్లు కడగండి.