పిల్లల ముఖకవళికలు, పెద్దల తీర్పులు

తెలుగిళ్లలో పసిబిడ్డ మొహం మీద వ్యాఖ్యానం పురిటిమంచం దగ్గరే మొదలవుతుంది. నుదురు వెడల్పయితే చదువుల తండ్రి, పెదవులు పల్చనయితే మాటకారి, చెవులు పెద్దవయితే దీర్ఘాయుష్షు. చిత్రమేమిటంటే, ఈ జోస్యం చెప్పిన అమ్మమ్మే బిడ్డను చాచిన కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోసేటప్పుడు నూనె వేళ్లతో ముక్కుదూలాన్ని నొక్కి నొక్కి సూటిగా తేవాలని చూస్తుంది. తల గుండ్రంగా రావాలని అరచేత్తో ఒత్తుతుంది. రాత ముక్కులోనే ఉంటే దాన్ని దిద్దబోవడమేమిటో ఆమెను ఎవరూ అడగరు.

మనకు సాముద్రికం ఉన్నట్టే ఐరోపాకూ ఒక ముఖశాస్త్రం ఉండేది. జూరిచ్ పాదరి యోహాన్ కాస్పర్ లవాటర్ 1775-78 మధ్య నాలుగు సంపుటాలు వెలువరించి, ముక్కూ గడ్డమూ చూసి మనిషి గుణం చెప్పొచ్చని చదువుకున్న జనాన్ని నమ్మించాడు. ఆ పనిలో కొంతకాలం కవి గేటే కూడా చేయి వేశాడు. బీగిల్ ఓడ కెప్టెన్ ఫిట్జ్‌రాయ్ లవాటర్ భక్తుడే. 1831లో చార్లెస్ డార్విన్ ముక్కు చూసి, అంత దూరపు సముద్రయానానికి కావలసిన చేవ ఈ కుర్రాడికి లేదని అతన్ని వద్దనబోయాడట. డార్విన్ ఆత్మకథలో ఉన్న ముచ్చట ఇది.

ఇప్పుడు ఆ సిద్ధాంతాన్ని శాస్త్రంగా ఎవరూ ఒప్పుకోరు. అలవాటు మాత్రం ఎక్కడికీ పోలేదు. పిల్లల విషయంలో అదెలా పనిచేస్తుందో 1972లో కారెన్ డయాన్ చేసిన ప్రయోగంలో బయటపడింది. ఏడేళ్ల పిల్ల చేసిన ఒక తప్పును కాగితం మీద రాసి, పక్కన ఫొటో అంటించి కాలేజీ విద్యార్థినుల చేతికిచ్చారు. ఫొటోలో ఉన్నది చిదిమి దీపం పెట్టుకునేలాంటి పిల్లయితే, పాపం ఆ రోజేదో బాగోలేదని సర్దిచెప్పారు. అందం తక్కువైన పిల్లయితే, అదే తప్పును ఆమె బుద్ధికి అంటగట్టారు. మరుసటి ఏడు క్లిఫర్డ్, వాల్‌స్టర్ అనే పరిశోధకులు అమెరికాలోని అయిదో తరగతి టీచర్లకు ఒకే ప్రోగ్రెస్ రిపోర్టు పంపారు, ఫొటోలు మాత్రం మార్చారు. అందమైన ఫొటో అందుకున్న టీచర్లకు ఆ మార్కుల వెనక ఎక్కువ తెలివి కనబడింది, ఆ తల్లిదండ్రులకు చదువు మీద ఎక్కువ శ్రద్ధ ఉన్నట్టూ తోచింది. మార్కులు అందరికీ ఒకటే!

ఈ చూపు పెద్దయ్యాక అబ్బేదీ కాదు. కంప్యూటర్‌తో తయారుచేసిన మొహాలు చూపించి ఎవరు మంచివాళ్లు, ఎవరు చెడ్డవాళ్లు అని అడిగితే, మూడు నాలుగేళ్ల పిల్లలు కూడా చాలావరకు పెద్దవాళ్లు చెప్పినట్టే చెప్పారని కాగ్స్‌డిల్, టొడొరొవ్, స్పెల్కీ, బానాజీ 2014లో ప్రచురించారు. అందరూ ఒకే మాట చెబుతున్నారంటే ఆ మాట నిజమని కాదు. ఆ మొహాల వెనక అసలు మనుషులే లేరు.

మొహం మీద స్వభావం కోసం వెతికేవారు అక్కడే ఉన్న జబ్బును దాటిపోతారు. అసలు నష్టం ఇదే. తరగతిలో నోరు వెళ్లబెట్టుకుని కూర్చునే పిల్లాణ్ని తీసుకోండి. వాడికి వెర్రిమొహమని పేరు పడిపోతుంది. దగ్గరికెళ్లి చూస్తే పై పెదవి పొట్టిగా పైకి లేచి ఉంటుంది, ముందుపళ్లు బయటికి వచ్చి ఉంటాయి, ముక్కుపుటాలు సన్నం, కళ్ల కింద నలుపు. ముక్కు వెనక, అంగిటి పైన ఉండే ఎడినాయిడ్ కణజాలం ఉబ్బి గాలికి దారి మూసేయడంతో వాడు నోటితో ఊపిరి పీలుస్తున్నాడు. రాత్రి గురక, తెగి తెగి వచ్చే నిద్ర, పగలు తూగు. ముక్కు వెనక నుంచి చెవికి వెళ్లే గొట్టం కూడా మూసుకుపోతే మధ్యచెవిలో నీరు చేరి మాట మసకగా వినిపిస్తుంది. పిలిస్తే పలకడు, లెక్క చెబితే సగమే అందుతుంది. ఇంకేం, మొద్దు అన్న ముద్ర ఖాయం.

కోపెన్‌హాగెన్ వైద్యుడు విల్హెల్మ్ మేయర్ 1868లో ఈ గొలుసును వివరించాడు. అప్పటిదాకా మందబుద్ధి కిందో, చెవుడు కిందో జమకట్టినవాళ్లలో కొందరికి అసలు అడ్డు ముక్కు వెనకే ఉందని తేలింది. అయితే పొడవాటి మొహం నోటి శ్వాస వల్లే వస్తుందా, వంశపారంపర్యం పాలెంత అన్నదాని మీద దంతవైద్యుల వాదన నేటికీ తెగలేదు. పిల్లాడికి వినబడుతోందో లేదో చూడటానికి ఆ తీర్పు వచ్చేదాకా ఆగనక్కర్లేదు.

మెల్లకన్నుది ఇంకో కథ. అదృష్టమని మురిసిపోయే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. పక్కకు తిరిగిన కంటి నుంచి వచ్చే బొమ్మను మెదడు క్రమంగా పట్టించుకోవడం మానేస్తుంది, చూపు మందగిస్తుంది. ఏడెనిమిదేళ్లలోపు వైద్యం అందితే ఫలితం బాగుంటుంది. పాఠం మధ్యలో పది సెకన్లు శూన్యంలోకి చూస్తూ ఉండిపోయి, మళ్లీ ఏమీ జరగనట్టు పెన్సిల్ పట్టుకునే పిల్లను పరధ్యానం పిల్ల అంటారు. అది అబ్సెన్స్ మూర్ఛ కావచ్చు. వైద్యులు అలాంటి పిల్లల చేత కాగితపు గాలిమరను రెండు మూడు నిమిషాలు గట్టిగా ఊదిస్తారు. చాలామందిలో ఆ చూపు అక్కడే, డాక్టరు ముందే, మళ్లీ వస్తుంది.

‘ఎంత బుద్ధిమంతుడో, ఏడవనే ఏడవడు’ అని మురిపెంగా చెప్పుకునే పసివాడి సంగతి మరీ జాగ్రత్తగా చూడాలి. పుట్టుకతో థైరాయిడ్ లోపమున్న బిడ్డ అలాగే మగతగా, సాధువుగా ఉంటాడు. ఉబ్బిన మొహం, బయటికి వచ్చే మందపాటి నాలుక కొన్ని వారాలకు గానీ స్పష్టపడవు. మెదడుకు మేలు జరగాలంటే మందు మొదటి రెండు వారాల్లోనే పడాలి. మొహం చెప్పేదాకా ఆగితే ఆలస్యమైపోయినట్టే. మడమ నుంచి తీసిన రక్తపు చుక్క అంతకన్నా ముందే చెప్పేస్తుంది.

మొహానికీ స్వభావానికీ నిజంగా పొత్తు కుదిరే సందర్భం లేదా? ఉంది. 1961లో న్యూజిలాండ్ వైద్యుడు విలియమ్స్ వర్ణించిన సిండ్రోమ్ అలాంటిది. వెడల్పాటి నోరు, నిండు పెదవులు, ఉబ్బిన కనురెప్పలు, వాటికి తోడు ముక్కూ మొహం తెలియని వాళ్లతోనూ ఇట్టే కలిసిపోయే గుణం. ఏడో క్రోమోజోమ్‌లో సుమారు పాతిక జన్యువులున్న ముక్క లోపించడమే ఈ రెంటికీ మూలం. ఆ ముక్కలోనే రక్తనాళాలకు సాగే గుణాన్నిచ్చే ఎలాస్టిన్ జన్యువూ పోవడంతో గుండె దగ్గరి ధమని ఇరుకవుతుంది. నవ్వు చూసి ముచ్చటపడిన బంధువులకు స్టెతస్కోపు వినిపించే చప్పుడు తెలియదు. దీన్ని చూపించి నోరు పెద్దదైతే కలుపుగోలుతనం అనే సూత్రం అల్లితే, మళ్లీ లవాటర్ దగ్గరికే చేరతాం.

కదలని రూపం కన్నా కదిలే మొహం మీద నమ్మదగిన పరిశోధన చాలా ఎక్కువ. ముక్కు వల్ల ఓడ తప్పిపోబోయిన డార్విన్ 1839 డిసెంబరులో పుట్టిన తన పెద్దకొడుకును నోటుపుస్తకం పట్టుకుని గమనించాడు. ఆరు నెలలు దాటాక ఒకరోజు ఆయా ఏడుస్తున్నట్టు నటించింది. బిడ్డ పెదవుల కొసలు వెంటనే కిందికి వంగి, మొహం దిగులుగా మారిపోయింది. 1978లో ఎడ్వర్డ్ ట్రోనిక్ బృందం దీని అవతలి వైపు చూపించింది. ఆడిస్తున్న తల్లి ఉన్నట్టుండి ఏ భావమూ లేకుండా కూర్చుంటే బిడ్డ మొదట నవ్వి పిలుస్తుంది. పలుకు రాకపోతే చూపు తిప్పుకుని ముడుచుకుపోతుంది. అంచేత భావం కనబడని పసిమొహాన్ని చూసినప్పుడు వినికిడి, చూపు, ఆటిజంతో పాటు తల్లి కుంగుబాటులో ఉందేమో కూడా వైద్యులు ఆరా తీయాలి.

మొహం చూసి జబ్బు పసిగట్టే పనిలోకి కంప్యూటర్లూ దిగాయి. రెండొందలకు పైగా సిండ్రోమ్‌లకు చెందిన 17,000 పైచిలుకు ఫొటోలతో శిక్షణ పొందిన సాఫ్ట్‌వేర్, తాను సూచించే మొదటి పది పేర్లలో సరైనది ఉండేలా 91 శాతం సందర్భాల్లో చెప్పగలిగిందని 2019లో వెల్లడైంది. అంతకు రెండేళ్ల ముందు ఇలాంటి సాఫ్ట్‌వేరే కాంగో పిల్లల్లో డౌన్ సిండ్రోమ్‌ను గుర్తించలేక తడబడింది, ఆఫ్రికా పిల్లల ఫొటోలు కలిపి మళ్లీ నేర్పాకే దారిలో పడింది. మన దగ్గర 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీల్లో పిల్లల్ని పరీక్షించి, అనుమానం వచ్చినవాళ్లను జిల్లా కేంద్రాలకు పంపుతాయి. మొహం చూసి మనిషి అనుమానించినా, యంత్రం అనుమానించినా డౌన్ సిండ్రోమ్ నిర్ధారణకు రక్త నమూనాలో క్రోమోజోములు లెక్కపెట్టాల్సిందే.