అవ్వ డబ్బాలోని ముడులు

సారా బెర్న్‌హార్ట్ ఫ్రెంచి నటి అని తెలుసు గాని, ఆమె పేరు మీద ఒక పువ్వు కూడా ఉందని నాకు ఈ మధ్యే తెలిసింది. అది పియోనీ. లేత గులాబీ రంగు, గిన్నెడంత పువ్వు, రెక్కల మీద రెక్కలు. ఫ్రాన్సులోని నాన్సీ పట్టణంలో లెమ్వాన్ నర్సరీ 1906లో తెచ్చిన రకం. అంతకన్నా పాతది 'ఫెస్టివా మాక్సిమా', 1851లో మియెలెజ్ అనే ఆయన తెచ్చింది. తెల్లటి ముద్దపువ్వు, నడిమి రెక్కల మీద కుంకుమ చిలికినట్టు ఎర్రచుక్కలు. 1856 నాటి 'డచెస్ ద నెమూర్' కూడా తెలుపే గాని, లోపలి రెక్కల మొదట్లో లేత పసుపు. వీటిని ఇవాళ కూడా ఆ పేర్లతోనే అమ్ముతారు. ప్రతి రకానికీ ఒక పేరు, ఒక సంవత్సరం, దాన్ని తెచ్చిన ఒక మగవాడు.

ఒక మగవాడు అన్నాను గాని, లెమ్వాన్ ఇంట్లో జరిగింది వేరు. విక్టర్ లెమ్వాన్‌కు చూపు మందగించింది. 1870ల మొదట్లో లైలాక్ పూలను సంకరం చేసే పని మొదలైనప్పుడు, నిచ్చెనెక్కి ఒక పువ్వు పుప్పొడిని మరో పువ్వుకు అంటించింది ఆయన భార్య మరీ లూయీజ్. వచ్చిన కొత్త రకాలకు కీర్తి మాత్రం ఆయనది. 1890లో ఒక తెల్ల లైలాక్‌కు 'మదామ్ లెమ్వాన్' అని పేరు పెట్టారు. అందులోనూ ఉన్నది మొగుని ఇంటిపేరే.

చలికాలపు చలి గట్టిగా తగలకపోతే పియోనీ మొగ్గ వెయ్యదు. తెలుగునేల మీద చలికి పేరుపడ్డ మా ఆదిలాబాద్‌లోని చలి కూడా దానికి చాలదు. మరి మా దగ్గర పాత రకాలు లేవా అనుకున్నప్పుడు అవ్వ డబ్బా గుర్తుకొచ్చింది. నిర్మల్ వైపు ఒక పల్లెలో మా అమ్మ తల్లి బతికినన్నాళ్లు దాచుకున్న రేకుడబ్బా. అందులో పాత చీరె పేలికల ముడులు, ముడికో విత్తనం. దేని మీదా పేరు లేదు.

అవ్వ పెరట్లో ముఖ్యంగా బంతి, సీతజడ. బంతి మన పువ్వని మనం అనుకుంటాం గాని అది మెక్సికోది, 16వ శతాబ్దం తరువాతే మన దేశానికి చేరింది. అక్కడ దాన్ని చనిపోయినవాళ్లను తలుచుకునే పండుగకు పరుస్తారు. ఇక్కడికొచ్చి బతుకమ్మలో కూర్చుంది. మనం ఒక బంతిపువ్వు అనుకునేది నిజానికి వందలాది చిన్నపూల గుంపు. రేకబంతిలో అంచున ఉన్న రేకు ఒక్కొక్కటీ ఒక ఆడపువ్వు, నడుమ గుండ్రటి దిండులో ఉన్నవి ఆడా మగా రెండూ అయిన పూలు, పుప్పొడి వాటిదే. ముద్దబంతిలో ఆ దిండు దాదాపుగా ఉండదు, అంతా రేకులే, అంటే అంతా ఆడపూలే. పక్కన పుప్పొడి ఉన్న మొక్క లేకపోతే దానికి గింజ పట్టదు.

ఇది నేను పుస్తకంలో చదివాను. అవ్వ చదవలేదు. ముద్దబంతి మడిలో నడుమ నడుమ రేకబంతి మొక్కలను నిలిపేది. "ఇది సక్కగ లేదు గదవ్వా, పీకేద్దామా" అంటే, "ఉండనియ్యి బిడ్డా, అది లేకుంటే దీనికి గింజ రాదు" అనేది. గింజకు వదిలే పువ్వు పెద్దది కావాలని చూసేది కాదు. కాడ పొడుగు చూసేది, రెక్క రాలదా అని వేళ్లతో నొక్కి చూసేది. బతుకమ్మను పేర్చినవాళ్లకు ఆ లెక్క తెలుస్తుంది. కాడ పొట్టిదైతే వరుస నిలవదు.

సీతజడ సంగతి ఇంకా చిత్రం. చేలల్లో దానంతటదే మొలిచే గునుగుకు ఇది అక్కచెల్లెలు. గునుగు కంకిలా సన్నగా పొడుగ్గా పూస్తుంది. సీతజడలో పెరిగే కొన ఒక చుక్కగా ఉండక గీతలా సాగి, మడతలు పడి, కోడిజుట్టులా విచ్చుకుంటుంది. గింజలు ఆ జుట్టు కింది పక్కల్లో ఉంటాయి. తల సన్నబడ్డ మొక్కలను అవ్వ ముందే ఏరి పారేసేది. ఆ ఏరివేత మానేస్తే జుట్టు తరం తరానికి చెదురుతుంది. దీన్ని వృక్షశాస్త్రంలో 'ఎంపిక' అంటారు, మా ఊళ్లో 'పెరటి పని' అన్నారు.

గునుగును ఎవరూ విత్తరు. 1753లో లిన్నేయస్ దాని పేరులో వెండిని చేర్చాడు, ఎందుకంటే కొనన గులాబీ రంగున్న కంకి కిందినుంచి వెండి తెలుపుకు తిరుగుతుంది. కాగితంలాంటి రెక్కలు గనక కోసినా వాడిపోదు, రంగులో ముంచితే పట్టుకుంటుంది. వానకాలమంతా జొన్న చేలల్లో, పత్తి చేలల్లో ఆడవాళ్లు వంగి వంగి కలుపని పీకేసింది ఇదే. ఎంగిలిపూల నాడు వాళ్లే గట్ల వెంట మిగిలినదాన్ని కోసుకొచ్చి మొక్కుతారు. ఇప్పుడు గడ్డిమందు కొడుతున్న చేలల్లో గునుగు పలచబడింది, కలుపు కూలీ కూడా పోయింది. పువ్వు పోయిందని ఏడవడం నాకు సులువే, నడుము నొప్పి నాది కాదు గదా. కూలీ పోయిన ఆడవాళ్లు దేనికోసం ఏడుస్తారో వాళ్లనే అడగాలి.

నా పిహెచ్.డి.లో ఒక అధ్యాయం బతుకమ్మ పాటల మీద. ఆ పాటల్లో వచ్చే పూలన్నింటినీ 'ప్రకృతి వర్ణన' అనే ఉపశీర్షిక కింద సర్దేశాను. 'మనకు తెలియని మన చరిత్ర' (1986) చదివి, ఆడవాళ్ల నోటినుంచే చరిత్ర వినాలని నేర్చుకున్న తరం మాది. పాట వినడానికి టేప్‌రికార్డర్ పట్టుకుపోయాను గాని, పాడుతున్న చేతులు ఏ పువ్వును పక్కన పెడుతున్నాయో, ఎందుకు పెడుతున్నాయో అడగలేదు. అవ్వను కూడా అడగలేదు. అడగడానికి ఇరవై ఏళ్లు ఉన్నాయి.

ఇప్పుడు ఊళ్లో బంతి విత్తనం ప్యాకెట్లో వస్తుంది. హైబ్రిడ్. పువ్వు పెద్దది, ఒకే తీరు. దాని గింజ దాచి పోస్తే మరుసటేడు తలో తీరు. అందుకని ఎవరూ దాచరు. మళ్లీ కొనుక్కుంటారు.

అవ్వ పోయిన నాలుగేళ్లకు డబ్బా నా చేతికొచ్చింది. ముడులన్నీ విప్పి, మడికొకటిగా పోశాను. నల్ల సూదుల్లాంటి గింజలు బంతివని గుర్తుపట్టాను. ఒక్కటీ మొలవలేదు. బంతి విత్తనానికి అంత ఆయుష్షు లేదట. ఆవగింజకన్నా చిన్నగా, నల్లగా మెరిసే గింజల ముడి ఒకటుంది. అందులోంచి ఏడు మొక్కలు లేచాయి. ఆరు ఎర్రవి, ఒకటి పసుపుది, అన్నీ సీతజడలే. రెండింటికి తల సన్నగా ఉంది. వాటిని పీకడానికి చేతులు రాక రెండు రోజులు ఊరుకున్నాను. మూడోనాడు పొద్దున పీకేశాను.