పాలపిట్ట విడుదల: హైదరాబాదులో ఒక దసరా ఆచారం, వన్యప్రాణి పునరావాసం

విజయదశమినాడు జమ్మిచెట్టుకు పూజ చేసి, పాలపిట్టను చూసి ఇల్లు చేరడం తెలంగాణలో పండుగకు పరిపూర్తి. అజ్ఞాతవాసం ముగించుకొని వస్తున్న పాండవులకు ఈ పక్షి కనిపించిందనీ, ఆపైన వారికన్నీ విజయాలే కలిగాయనీ జనశ్రుతి. ఈ ఆచారం హైదరాబాదు నగరంలో పొందిన వికృతిని, దానికి ప్రతిగా ఏర్పడిన రక్షణ, పునరావాస కృషిని పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం. పక్షిని విడిపించడం, పక్షిని బతికించడం రెండు వేర్వేరు పనులన్నది ఇక్కడి ప్రతిపాదన. మన సాహిత్యం మొదటి పనిని ఎంతగానో కీర్తించింది. రెండవదానికి నగరమే బడి అయింది.

అమరకోశం సింహాదివర్గంలో ఈ పక్షికి చాషం, కికీదివి అనే పేర్లు ఉన్నాయి. ఉత్తరాదివారు దీన్ని నీలకంఠమంటారు. తెలుగు పేరులోని పాలకు, పిట్ట రంగుకు పొత్తు కుదరదు. దానికి నిరుక్తి చెప్పే సాహసం ఇక్కడ చేయడం లేదు. గమనించవలసిన సంగతి వేరొకటి ఉంది. తీగమీద కూర్చున్న పాలపిట్ట గోధుమవన్నె కలిసిన మసకరంగులో, పెద్దగా చూపును పట్టని పిట్టగా ఉంటుంది. రెక్క విప్పినప్పుడే ముదురు నీలం, లేత నీలం పట్టీలు ఒక్కసారిగా వెలుగుతాయి. అంటే దర్శనయోగ్యమైనది ఎగిరే పాలపిట్టే.

ఆచారం తొలిరూపంలో ఈ ఎగురుడుకు చోటుంది. దసరానాటి సీమోల్లంఘనం అంటే ఊరి పొలిమేర దాటి వెళ్ళడం. పొలిమేర అవతల ఉండేవి చేలు, పచ్చికబీళ్ళు, అక్కడక్కడ పాతచెట్లు. పాలపిట్ట నివాసం సరిగ్గా అదే. దట్టమైన అడవి దానికి అక్కరలేదు. మిడతలు, పేడపురుగులు, చిమ్మెటలు దొరికే బయలు కావాలి, కాపువేయడానికి ఎత్తయిన కొమ్మ కావాలి, గుడ్లు పెట్టడానికి ముదురుచెట్టు తొర్ర కావాలి. కనుక జమ్మికోసం ఊరు దాటినవాడికి పాలపిట్ట కనిపించడం మహిమ ఎంతో, మామూలు కూడా అంతే. నగరం విస్తరించి పొలిమేరను మింగినకొద్దీ ఈ మామూలు చెడింది. మనిషి పక్షి దగ్గరికి వెళ్ళే నడక ఆగి, పక్షినే మనిషి దగ్గరికి తెచ్చే ఏర్పాటు వచ్చింది. పండుగకు కొన్ని వారాల ముందునుంచే పిట్టలను పట్టడం, ఎగిరిపోకుండా రెక్కలు కత్తిరించడమో ఈకలను బంకతో అతికించడమో చేయడం, కాళ్ళకు దారం కట్టడం, పంజరంలో పెట్టి వీధుల్లో, గుడి వాకిళ్ళలో డబ్బులకు చూపించడం దాని పర్యవసానాలు. శుభశకునంగా భక్తులు చూసి మొక్కుతున్నది ఎగరలేని పాలపిట్టకు.

ఇదొక్కటే కాదు. నాగులచవితికి, నాగపంచమికి పట్టితెచ్చే తాచుపాము గతి కూడా ఇంతే. కోరలు పీకి, కొన్నిసార్లు నోరు కుట్టి, రోజుల తరబడి నీళ్ళు లేకుండా ఉంచితే దప్పికకు తాళలేక పాలలో మూతి పెడుతుంది. పాలను అరిగించుకొనే శక్తి పాముకు లేదు. పుట్టలో పాలు పోసిన కాలంలో పాముకు ఇంతటి హాని లేదు. పుట్టలు లేని వాడలకు పామును బుట్టలో తెచ్చినప్పుడే హాని మొదలయింది. హైదరాబాదులో 1992లో బ్లూక్రాస్, 1995లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ ఏర్పడ్డాయి. ఇళ్ళలో దూరిన పాములను చంపకుండా పట్టి, అడవిలో వదలడం ఈ రెండవ సంస్థ చేపట్టిన పని.

చట్టం అంతకు ముందే ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పాలపిట్టను పట్టడాన్ని నిషేధించింది. 1990 దశకారంభానికి దేశీయ అడవి పక్షుల వ్యాపారం యావత్తూ నిషిద్ధమయింది. 1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 51-ఎ(జి) అధికరణం జీవకారుణ్యాన్ని పౌరుని ప్రాథమిక విధుల్లో ఒకటిగా చేసింది. అయితే పంజరం పట్టుకొని తిరిగేవాడు ఈ చరిత్రలో ఏకైక దోషి కాడు. వేట, ఆట వృత్తులుగా బతికిన సంచారజాతులకు వ్యవసాయ సమాజంలో ఒక చోటుండేది. పిట్టలదొర వేషం ఆ బతుకుకు నవ్వుటద్దం. చేతిలో కట్టెతుపాకి, నోటినిండా కోతలు. ఆచారం కోరిన వస్తువును వారు తెచ్చి ఇచ్చారు, కోరినవారు గృహస్థులు. జరిమానా మాత్రం మొదటివారికే పడుతుంది.

ఇక సాహిత్యంలోని విడుదల. శ్రీనాథుని శృంగారనైషధంలో నలుడు ఉద్యానవన సరస్సు దగ్గర నిదురిస్తున్న హంసను పట్టుకొంటాడు. ముసలితల్లిని, భార్యను, పసికూనలను తలచుకొని హంస విలపిస్తుంది. రాజు మనసు కరిగి వదిలిపెడతాడు. హంస ఎగిరిపోతుంది, మళ్ళీ తానుగానే తిరిగివస్తుంది. కథ నడవడానికి ఆధారం ఆ రెక్కలే. పట్టినవాడు వాటిని చెరపలేదు. శిబి కథలో పావురం కోసం రాజు తన మాంసమే కోసి ఇచ్చాడు. ఈ రెండు కథల్లోనూ కాంతి పడేది దాత మీద. పక్షికి తగిలిన దెబ్బ ఏమిటి, అది ఎన్నాళ్ళకు మానుతుంది అన్న ప్రశ్నలకు కావ్యంలో అవసరం రాలేదు. రాలేదని కావ్యాన్ని తప్పుపట్టలేం. అయితే విడిచిపెట్టిన క్షణంతోనే పుణ్యం పూర్తయిందనే భావన మాత్రం నగరానికీ వచ్చింది. పాతనగరంలోని ముర్గీచౌక్ వంటి అంగళ్ళలో పంజరపు పిట్టలను కొని గాలిలోకి వదిలే దయ అలాంటిది. ఆ దయ చెల్లించిన ధరతో వేటకాడు మరో వల కొంటాడు.

దసరానాడు స్వాధీనం చేసుకొన్న పాలపిట్ట విషయంలో ఈ భావన నిలవదు. పంజరం తలుపు తీస్తే అది ఎగరదు, నేలమీద పడుతుంది, కుక్కకో పిల్లికో చిక్కుతుంది. దాని చికిత్స మొదట నీళ్ళతో ఆరంభమవుతుంది. ఎండిపోయిన దేహానికి నీరు అందాలి, తరువాతే ఆహారం. అదీ పురుగులే, గింజలు కావు. దారం కోసిన కాలిపుండు మానాలి. బంక అంటిన ఈకలను ఓపికగా శుభ్రం చేయాలి. ఈకలోని సన్నని పోగులు ఒకదానికొకటి కొక్కేల్లా తగులుకొని ఉండడంవల్లనే రెక్క గాలిని పడుతుంది. ఆ అల్లిక చెదిరితే ఈక ఉండి కూడా లేనట్టే. కత్తిరించిన ఈక సంగతి ఇంకా కష్టం. తెగిన ఈక ముదిరిన గోరు వంటిది, జీవంలేనిది. తెగినచోటినుంచి అది పెరగదు. మొదలుతో సహా రాలిపోయి, ఆ స్థానంలో కొత్త ఈక మొలవాలి. అందుకు ఆ పక్షి సహజంగా ఈకలు రాల్చుకొనే కాలందాకా ఆగాలి. అది నెలల మాట. అన్ని పక్షులూ అంతవరకు నిలవవు. నిలిచినవాటిని పెద్ద గూటిలో ఎగరనిచ్చి రెక్కకు బలం రప్పించాలి, మనిషికి మాలిమి కాకుండా చూడాలి. ఒక సాయంత్రపు శకునానికి ఒక ఏడాది చెర అన్నమాట. ఈ పనిచేసేవారికి జాలికంటె ఎక్కువగా కావలసింది ఓర్పు. భూతదయ అనే పాతమాటకు ఈ అర్థాన్ని కూడా కలుపుకోవలసి ఉంది.

కోలుకొన్నదాన్ని వదలడానికి చోటు ఉండాలి కదా. హైదరాబాదులో అలాంటి చోట్లు మిగలడం వెనక ఒక విపర్యయం ఉంది. నిజాముల వేటభూమిలో కృష్ణజింకలకోసం 1975లో ఏర్పడిన ఉద్యానవనానికి, మహావీరుని 2500వ నిర్వాణోత్సవ సందర్భంగా మహావీర్ హరిణ వనస్థలి అని పేరు పెట్టారు. వేటభూమికి అహింసను బోధించిన జినుని పేరు! 1994లో అది జాతీయ ఉద్యానవనమయింది. ఆ ఏడే చిలుకూరు దగ్గరి అడవి మృగవని పేరుతో అదే హోదా పొందింది. మృగయ, మృగవని ఒకే మూలంనుంచి పుట్టిన మాటలు. ఒకదాని స్థానంలోకి ఇంకొకటి వచ్చి చేరడం నగరచరిత్రలోనే జరిగింది. చిరాన్ ప్యాలెస్ చుట్టూ ఉన్న వనం 1998లో కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనమయింది. దాని విస్తీర్ణం ఒకటిన్నర చదరపు కిలోమీటర్లకు లోపే, చుట్టూ రద్దీ రహదారులు.

అయినా ఉద్యానవనాలతోనే పాలపిట్ట అవసరం తీరదు. దానికి కావలసిన బయలును తెలంగాణ తెలుగులో కంచ అంటారు. పశువుల మేతకు విడిచిన గడ్డినేల కంచ. రెవెన్యూ లెక్కల్లో అది ఖాళీ భూమి, పక్షి లెక్కలో నిండు సంసారం. 2014లో తెలంగాణ ప్రభుత్వం పాలపిట్టను రాష్ట్రపక్షిగా, జమ్మిని రాష్ట్రవృక్షంగా ప్రకటించింది. పండుగనాడు జతగా పూజలందుకొనే రెండూ రాజ్యచిహ్నాలయ్యాయి. ఆ రెండింటికీ ఆధారమైన నేలకు అలాంటి గుర్తింపు రాలేదు. హైదరాబాదు విశ్వవిద్యాలయాన్ని ఆనుకొని ఉన్న కంచ గచ్చిబౌలిలోని సుమారు 400 ఎకరాలలో 2025 వసంతంలో యంత్రాలు చెట్లను కూల్చడం మొదలుపెట్టాయి. విద్యార్థులు అడ్డుపడ్డారు. జింకలు, నెమళ్ళు తిరిగే నేల అది. సుప్రీంకోర్టు తానుగా విషయాన్ని చేపట్టి ఏప్రిల్ మొదటివారంలో ఆ పనిని నిలిపివేసింది. ఆ వాదప్రతివాదాల్లో చర్చంతా అది అడవి అవునా కాదా అన్నదాని చుట్టూ తిరిగింది. ఊరిపేరులోనే ఉన్న కంచ అనే మాట అర్థాన్ని అడిగినవారు తక్కువ.